తాళము నేర్చుకొనువారు ఏ పాటతో అభ్యసింపవలెను?

పఠింపవలసిన భాగములు: 1 దినవృత్తాంతములు 15:16-22, 25:6-8, 1 కొరింథీయులకు 14:7-9



దావీదు మందసమును యెరూషలేమునకు తెప్పించినప్పుడు లేవీయులలో ఎవరెవరు ఏయే వాద్యములు పట్టుకొనిరో దినవృత్తాంతముల గ్రంథకర్త పేరుపేరున వ్రాసియున్నాడు. ఆ పట్టికలో ఒక సంగతిని మనము సాధారణముగా చూడకయే దాటిపోవుదుము. తీగె వాద్యములు అనేకులకు పంచిపెట్టబడెను గాని, లోహపు తాళములు మాత్రము హేమాను, ఆసాపు, ఏతాను అను ముగ్గురికే అప్పగింపబడెను. వీరు గాయకులలో పెద్దలు. అనగా పాట నడిపించువారే లెక్క చూపు వాద్యమును చేత పట్టిరన్నమాట. మన సంఘములలో దీనికి భిన్నముగా జరుగుచున్నది. గొంతు లేనివాడో, ఒకచోట కుదురుగా కూర్చుండలేని పిల్లవాడో కనబడినయెడల, "డోలకు వానికియ్యుడి" అందుము.

ఇరువదియైదవ అధ్యాయమును కూడ చదువుడి. దేవుని మందిరపు పాటలలో నేర్పు గలవారి లెక్క 288 అని అక్కడ ఉన్నది. చిన్న పెద్ద యనక, గురువు శిష్యుడు అనక, అందరును తమ వంతులకొరకు సమానముగా చీట్లు వేసికొనిరి. శిష్యులు ఉండిరనగా నేర్చుకొనుట ఉండెను. నేర్చుకొనుట ఉండెననగా ఇంటియొద్ద ఒంటరిగా కూర్చుండి చేయవలసిన అభ్యాసమును ఉండియుండును. ఈ మాసపు పాఠము ఆ అభ్యాసమును గూర్చినదే. డోలకు గాని, తబలా గాని, డప్పు గాని, ఇప్పటి ప్యాడు గాని క్రొత్తగా చేతపట్టిన యౌవనస్థుడు ఏ పాటను పెట్టుకొని దానితోకూడ వాయించుచు నేర్చుకొనవలెను? దినమునకెంతసేపు వాయింపవలెనని నన్ను అడిగినవారు అనేకులు. దేనితో వాయింపవలెనని అడిగినవారు బహు తక్కువ. అయితే చేయి ఏ పాటతో పెరుగునో ఆ పాట నడకయే దానికి అబ్బును.

నర్సాపురము మీదుగా మెదకు పోవు బాట పొడుగున ఉన్న పల్లెలనుండి మన బిడ్డలు అనేకులు బాలానగర్‌లో పని చేయుచున్నారని మీకు తెలియును. ఆ బాట బయలుదేరు కూడలికి నర్సాపూర్ చౌరస్తా యనియే పేరు. లేతులు, మిల్లింగు యంత్రములు, పవరు ప్రెస్సులు, అచ్చుల పని చేయు షెడ్లు అక్కడ సందు సందుకును ఉన్నవి. పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్ర సంస్థయు 1968లో అక్కడనే స్థాపింపబడెను. మన పిల్లలు ఒక గదిలో ముగ్గురు నలుగురు ఉందురు. పగలంతయు ప్రెస్సు ప్రక్కను నిలిచి, రాత్రి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని పాటలు విందురు. అందరు కలిసి డబ్బు వేసికొని ఒక ప్యాడు కొనువారును ఉన్నారు. జపాను దేశపు రోలాండు కంపెనీవారు 1985లో ఎనిమిది పలకల ఆక్టోప్యాడును తెచ్చిరి. అది మొదలుకొని ఆ జాతి వాద్యములన్నిటిని మనవారు ఆ పేరుతోనే పిలుచుచున్నారు. క్రిస్మసుకు సెలవు దొరకగానే దానిని సంచిలో పెట్టుకొని ఊరికి వత్తురు. సంతోషమే. బిడ్డలు ఉత్త చేతులతో రాక దేవుని స్తుతించుటకు ఒక పనిముట్టు తెచ్చుకొనుట మనకు గౌరవమే.

అయితే మొన్నటి క్రిస్మసు రాత్రి ఒక గ్రామమందు నేను చూచినది చెప్పెదను. అవ్వ యొకతె పాత కీర్తన నెత్తుకొనెను. అది మూడు లెక్కల నడక. బాలానగర్‌నుండి వచ్చిన కుర్రవాడు కీబోర్డులోని నాలుగు లెక్కల తయారు తాళమును నొక్కి, దానిమీద తన ప్యాడు వాయింప నారంభించెను. చేతిలో బలమున్నది, శ్రద్ధయు ఉన్నది. రెండు వరుసలు గడచునప్పటికి అవ్వ మాట ఒకచోటను, దెబ్బ ఒకచోటను పడుచుండెను. ఊపిరి తీసికొనుటకు ఆమె ఆగినచోట తాళము ఆగలేదు. రెండవ చరణమునకు స్త్రీలు ఊరకుండిరి. పాట వాద్యమునకే మిగిలెను. ఆరాధన ముగిసిన పిమ్మట అవ్వ వానిని దగ్గరకు పిలిచి, కోపము లేకుండ, "బిడ్డా, నీ బండి ఆగుతనే లేదు, మేమెక్కుడెట్ల?" అనెను. వాడు సిగ్గుపడి, "అవ్వా, ఆర్నెల్లు ప్రాక్టీసు చేసిన" అని చెప్పెను. వాడు చెప్పినది నిజమే. అందుచేతనే ఈ పాఠము వ్రాయుచున్నాను. ఆరు నెలలు వాడు ఏ పాటలతో వాయించెనో అడిగితిని. తన ఫోనులోనివన్నియు వేగముగలవి, నిండ డ్రమ్ములు గలవి, నాలుగు లెక్కలవి.

పిండి దంచు స్త్రీలు ఇద్దరు ఒకే రోటిలో రోకళ్లు వేయుట మీరు చూచియున్నారు. ఒకతె క్రొత్తదైనచో ఎదుటి రోకలి చప్పుడు విని తన రోకలి వేయును; ఎదుటిది ఆగినయెడల తానును ఆగిపోవును. డ్రమ్ములు గట్టిగా మ్రోగు రికార్డుతో వాయించువాని స్థితియు ఇట్టిదే. లోపల మరియొకడు లెక్క తప్పకుండ వాయించుచున్నాడు, వీడు వానిమీద ఆనుకొని పోవుచున్నాడు. వీని తప్పు ఆ మోతలో మునిగిపోవును గనుక వీనికే వినబడదు. కాబట్టి నేర్చుకొనువానికి మొదటి పాట డ్రమ్ములు లేనిది గాని, లేదా బహు పలుచగా ఉన్నది గాని కావలెను. ఒక గొంతు, ఒక హార్మోనియము ఉన్న రికార్డు చాలును. దానితో వాయించునప్పుడు చేయి తొందరపడినయెడల వెంటనే పాట వెనుకబడినట్లు తోచును. అప్పుడు వానికి తన తప్పు తెలియును.

రెండవది, పాట వానికి కంఠస్థముగా రావలెను. మాటలు తెలియని పాటతో అభ్యసించుట, త్రోవ తెలియని ఊరిలో చీకటిని బండి తోలుట వంటిది. పల్లవి ఎక్కడ తిరిగి వచ్చునో, చరణము ఎక్కడ ముగియునో ముందే తెలిసినవాడు ఆ చోటికి సిద్ధపడును. కర్ర పట్టకముందు మూడు దినములు పాట పాడుచు చప్పట్లతో లెక్క వేయవలెను. మన కీర్తనలలో అనేకమునకు ఎత్తుగడ సరిగా మొదటి దెబ్బమీద ఉండదు. దెబ్బ పడిన తరువాత మాట ఎత్తుకొనబడును. ప్యాడు నేర్చిన పిల్లలు తడబడునది ఎక్కువగా అక్కడనే. మొదటి మాట ఎక్కడ పడునో చేతితో తెలిసికొనినవానికి తక్కినది తేలిక.

మూడవది నిదానము. నిమిషమునకు 60 మొదలుకొని 80 లెక్కల లోపలి పాట మొదటి నెలలకు తగినది. ఊరక కూర్చున్న మనుష్యుని నాడి ఇంచుమించుగా అంతే కొట్టుకొనును. నెమ్మదిగా వాయించుట తేలికయని తలంచువారు ఒకసారి చేసి చూతురు గాక. దెబ్బకు దెబ్బకు నడుమ ఉన్న ఖాళీని ఏమియు చేయక సహించుట కష్టము. తొందర ఎంత నష్టమో లెక్క వేసి చూపెదను. నిమిషమునకు 70 లెక్కల చొప్పున నాలుగు నిమిషములు పట్టు పాటలో 280 లెక్కలున్నవి. అదే పాటను వాద్యకారుడు 84కు తీసికొనిపోయినయెడల మూడు నిమిషముల ఇరువది సెకండ్లకే ముగియును. ఆ నలువది సెకండ్లు ముసలివారి ఊపిరిలోనుండి తీసినవే. భజన పాటలు నెమ్మదిగా మొదలై పోనుపోను వడి హెచ్చుట మన ఊళ్లలో అలవాటు. భజనలో అది శోభ. క్రొత్తగా నేర్చుకొనువానికి మాత్రము అట్టి పాట వలదు. వాని చేయి ఊరకయే పరుగెత్తుచుండును, దానికి సహాయము అక్కరలేదు.

వడి ఎక్కువైన పాట తప్ప మరేమియు దొరకనియెడల, ఫోనులో పాట వేగమును ముప్పాతికకు తగ్గించు ఏర్పాటు ఇప్పుడు ఉన్నది, శ్రుతి మారదు. లెక్క చూపు మెట్రోనోము కూడ ఫోనులోనికి వచ్చినది. జర్మనీ దేశస్థుడు మెల్జెలు 1815లో దాని హక్కు పొందెను. దానితో ఒక వారము వాయించుట మంచిదే. గాని అది ప్రెస్సువలె ఎవరికొరకును నిలువదు. మన పిల్లలు పగలంతయు నిలువని యంత్రము ప్రక్కనే యుందురు; రాత్రియు దానితోనే ఉండవలెనా?

ఇక ఏ పాట అను ప్రశ్న. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. పాటకు పైన రాగము పేరు, తాళము పేరు చిన్న అక్షరములతో అచ్చు వేయబడియుండును. మనలో అనేకులు పాట సంఖ్య చూచి క్రిందికి దిగుదురు గాని ఆ చిన్న అక్షరములను చదువరు. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలైన పెద్దలు మన దేశపు రాగతాళములలోనే కీర్తనలు కట్టిరి. వాద్యము నేర్చుకొనువానికి ఆ చిన్న అక్షరములే మొదటి పాఠము.

ఆది తాళమని ఉన్నది నాలుగు లెక్కల జాతి, మొత్తము ఎనిమిది. అరచేయి ఒక దెబ్బ, వ్రేళ్లు మూడు, తరువాత దెబ్బయు విసురును రెండుమారులు. డోలకుమీద దీనికి "ధా గె న తి, న క ధి న" అను నడక చక్కగా అమరును. డ్రమ్ములైనచో ఒకటవ, మూడవ లెక్కలకు కాలితో పెద్ద డ్రమ్ము, రెండవ, నాలుగవ లెక్కలకు చేతితో చిన్న డ్రమ్ము, పైన లోహపు పళ్లెముమీద లెక్కకు రెండేసి మెత్తని దెబ్బలు. ఇంతే. మొదటి మూడు నెలలు దీనికి ఏ అలంకారమును చేర్చవలదు. పాట మొదటినుండి చివరివరకు ఇది చెడకుండ నడచినయెడల అది గొప్ప కార్యము. పరదేశపు రాగములలో దీనికి తగినది, యేసు మన మిత్రుడను భావముతో జోసెఫ్ స్క్రైవెన్ 1855లో వ్రాసినది. చార్లెస్ కాన్వర్సు 1868లో కట్టిన రాగముతో మన సంఘములు కూడ దానిని తెలుగు మాటలలో పాడుచున్నవి. మాటలు లెక్కమీద సమముగా పడును, మలుపులు లేవు. (ఒక చిన్న సంగతి: రెండు, నాలుగు లెక్కలమీద చప్పట్లు కొట్టుట అమెరికాలోని ఆఫ్రికా సంతతివారి సంఘములలో వాడుక. మన అవ్వలు ఒకటి, మూడు లెక్కలమీద కొట్టుదురు. చిన్న డ్రమ్ము బలముగా మ్రోగినకొలది వీరి చప్పట్లు తడబడును. అవ్వలను మార్చుటకంటె చిన్న డ్రమ్మును మెత్తగా కొట్టుట సులభము.)

మూడు లెక్కల పాటలే ఇప్పుడు అపాయములో ఉన్నవి. తయారు తాళములలో నాలుగు లెక్కలవే ఎక్కువగా వాడబడుచున్నవి గనుక, మూడింటి కీర్తనలను సాగదీసి నాలుగింటిలో ఇరికించుచున్నారు. ఇరుకనివి పాడుట మానివేయుచున్నారు. ఇది ఒక తరము జరిగినయెడల ఆ పాటలు పుస్తకములో అచ్చుగా మిగులును గాని నోటిలో మిగులవు. కాబట్టి నాలుగింటి నడక కుదిరిన పిమ్మట ఆలస్యము చేయక మూడింటికి రావలెను. రూపక తాళమునకు దెబ్బ, దెబ్బ, విసురు అని లెక్క వేయుదురు. డోలకుమీద "ధా ధి న, ధా తి న" అని ఆరు. ఊయెల ఊచినట్లు నడచును. దీనికి మొదటి పాటగా నేను చెప్పునది క్రిస్మసు రాత్రి నెమ్మదిని గూర్చిన పాటయే. 1818లో ఆస్ట్రియా దేశపు ఓబెర్న్‌డార్ఫు అను చిన్న ఊరిలో అది మొదట పాడబడెను. యోసేపు మోర్ అను పాదిరి మాటలు, ఫ్రాంట్సు గ్రూబరు అను బడిపంతులు రాగము. గితారు ఒక్కటే తోడు. ఆ పాటకు గట్టి దెబ్బ వేసినవాడు తానే సిగ్గుపడును. నేర్చుకొనువాని చేతికి మెత్తదనము దానివలన వచ్చును.

చాపు తాళమున్న కీర్తనలను తరువాతి సంవత్సరమునకు ఉంచుకొనుడి. "తకిట తకధిమి" యని ఏడు లెక్కలను నోటితో పలుకుచు నడచుట నేర్చినయెడల చాలును. చేయి తానే తరువాత వచ్చును.

డప్పును గూర్చి ఒక మాట. చావు డప్పని, జాతర డప్పని దానిని మందిరములోనికి రానియ్యని పెద్దలు మనలో ఉండిరి, ఇంకను కొందరు ఉన్నారు. వారి భయమును నేను తేలికగా చూడను. ఆ మోతతో ముడిపడిన అవమానములు వారికి తెలియును. అయితే నిర్గమకాండము పదునైదవ అధ్యాయములో మిర్యాము చేతపట్టినదానిని మన బైబిలు తంబురయని తెలుగు చేసినది. మన దేశపు తంబుర తీగెల వాద్యము. హెబ్రీ భాషలో ఉన్న మాట "తోఫ్". అది గుండ్రని చట్రమునకు తోలు బిగించి చేతితో వాయించునది. మన పల్లెలలో దానికి దగ్గర చుట్టము వెదకినయెడల కంజిర, డప్పు కనబడును గాని తంబుర కాదు. సిర్ర, సిటికెన పుల్ల పట్టుకొని పుట్టిన బిడ్డలకు ఇది చెప్పుడి. డప్పు దరువులలో మూడింటి నడకలును ఉన్నవి; ప్యాడు నేర్పని లెక్కను ఇంటిలోని తాత నేర్పగలడు.

బాలానగర్ గదులలో అభ్యాసమునకు చోటు లేదని పిల్లలు చెప్పుదురు. ప్రక్క గదిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు నిద్రించును, పగటి షిఫ్టువాడు రాత్రి నిద్రించును. పొరుగువాని నిద్ర చెడగొట్టి నేర్చిన తాళము ఎవరికి వలయును? షెడ్డులో పారవేసిన రబ్బరు ముక్కను పలకకు అతికించి దానిమీద వాయింపవచ్చును. దిండు చేతికి ఎదురు దెబ్బ ఇయ్యదు గనుక మణికట్టుకు బలము తెచ్చును. కాలి దెబ్బకు నేలమీద గోనెసంచి చాలును. మరియొక సంగతి కన్నతల్లులు తమ బిడ్డలకు చెప్పవలెను. 85 డెసిబెల్సు మించిన మోతలో దినమునకు ఎనిమిది గంటలు ఉండుట వినికిడికి హానియని ఈ విషయము ఎరిగినవారు హెచ్చరించుచున్నారు. పగలు ప్రెస్సు మోత విన్న చెవిలో రాత్రి ఇయర్‌ఫోను పెట్టి నిండ మ్రోగించుకొనుట తగదు. ఒక చెవి ఖాళీగా ఉంచుకొని పాటను సన్నగా పెట్టుకొనవలెను. చేతి దెబ్బ వినబడనంత గట్టిగా పాట ఉన్నయెడల అభ్యాసము జరుగుట లేదు, వినుటయే జరుగుచున్నది.

పౌలు కొరింథీయులకు వ్రాయుచు, పిల్లనగ్రోవియైనను వీణెయైనను స్వరములలో భేదము చూపనిచో ఊదినదేమో మీటినదేమో ఎవరికి తెలియునని అడుగుచున్నాడు. బూర స్పష్టముగా పలుకనిచో యుద్ధమునకు సిద్ధపడువాడు లేడనుచున్నాడు. అక్కడ అతని చింత ఊదువానిని గూర్చినది కాదు, వినువానిని గూర్చినది. ఈ కొలతతో చూచినయెడల అభ్యాసమునకు అన్నిటికంటె తగిన పాట ఏ కంపెనీ రికార్డులోను లేదు. ఏ గొంతులకు తోడుగా వాడు వాయింపవలెనో ఆ గొంతులే దానికి తగినవి.

కాబట్టి సంఘ పెద్దలకు, స్త్రీల సమాజమువారికి ఒక పని చెప్పుచున్నాను. దసరా సెలవులలోగా, ఊరిలో కీర్తనలు బాగుగా తెలిసిన అవ్వలను ఇద్దరు ముగ్గురిని కూర్చుండబెట్టి ఫోనులో పాడించుడి. వాద్యములు వలదు, హార్మోనియము కూడ వలదు. పాట సంఖ్య, తాళము పేరు మొదట చెప్పవలెను. ఒకరు మెల్లగా నాలుగు చప్పట్లు గాని మూడు గాని వేసి లెక్క చూపిన తరువాత అవ్వ ఎత్తుకొనవలెను. అవ్వను తొందరపెట్టకుడి, ఆమె ఊపిరి తీసికొనుచోటులు, రాగము లాగుచోటులు అట్లే రానిండి, దగ్గు వచ్చినను చెరిపివేయకుడి. పుస్తకములోని రాగమునకు మన ఊరి పాటకు అక్కడక్కడ తేడా ఉండవచ్చును. మన ఊరిదే ఉంచుడి. అట్టి పాటలు ఐదు చాలును. నాలుగు లెక్కలవి మూడు, మూడు లెక్కలవి రెండు. వాటిని బాలానగర్‌లోని బిడ్డలకు పంపుడి. వారు వారమునకు ఒక పాట చొప్పున తీసికొని, మొదట చప్పట్లతో, పిమ్మట రబ్బరు ముక్కమీద, ఆ పిమ్మట ప్యాడుమీద వాయింతురు గాక. ఆదివారము సాయంకాలము తాము వాయించినదానిని తిరిగి పంపినయెడల అవ్వలు విని, ఎక్కడ తొందరయో ఎక్కడ బాగున్నదో చెప్పుదురు. ఆసాపు కుమారులు తమ తండ్రి చేతిక్రిందనే వాయించిరని అదే అధ్యాయములో ఉన్నది గదా.

డిసెంబరులో ఊరికి వచ్చినప్పుడు ఆరాధనకు ముందు దినమున ఒక గంట అందరు కలిసి పాడవలెను. డప్పువారు రాత్రి మంచుకు తోలు సడలును గనుక నిప్పు సెగ చూపుకొనుటకు ముందుగా రావలెను. మందిరము గడ్డి కప్పుదైనచో ఆ నిప్పు, రవ్వలు గాలికి కప్పుమీదికి రాని దిక్కున, దూరముగా ఉండవలెను.